గోడవైపు తిరిగి నేర్చుకున్న తంబుర

మొన్న మిర్యాలగూడ బస్టాండులో నేరేడుచర్ల బస్సు కోసం కూర్చుని ఉన్నాను. పక్కన పల్లీలు వేయించే బండి, దాని పొగ, వానకు తడిసిన సిమెంటు వాసన. నా వెనక ఎక్కడో తంబుర తీగ ఒకటి మోగింది. ఎవరో శ్రుతి చూసుకుంటున్నారు. తీగ ఇంకా సరిగ్గా బిగియలేదు. అది శ్రుతికి రాకముందే నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు, కాళ్ళే లేచాయి. పక్కనున్న పిల్ల "కూసో అమ్మమ్మా, బస్సింక రాలే" అంది. కూర్చున్నాను. డెబ్భై దాటిన ఒళ్ళు ఇది. తీగ వినగానే లేవడం దీనికి అలవాటు చేసినవాడు మా మామ వీరయ్య. ఆయన్ని కళ్ళతో చూసినవాళ్ళు నాతో కలిపి ఇప్పుడు నలుగురైదుగురికి మించి ఉండరు. అందుకే రాస్తున్నాను.

మాది కథలు చెప్పుకుని బతికే కుటుంబం. మామది సూర్యాపేట తాలూకాలో మోతె పక్కన ఒక పల్లె. ఆరడుగుల మనిషి, గడప దాటితే తల వంచక తప్పేది కాదు. ఇంట్లో మాట తక్కువ. జనం ముందు తంబుర భుజానికెత్తితే మాత్రం ఆ గొంతు ఊరి చివర దాకా వినిపించేది. మా కథలో తంబురను ఒళ్ళో పెట్టుకోరు. కుడి భుజానికి ఆనించి, ఒక చేత్తో తీగ మీటుతూ, రెండో చేతి వేళ్ళకున్న ఇత్తడి అందెలు మోగిస్తూ, ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు వేస్తూ చెప్పాలి. అటూ ఇటూ ఇద్దరు గుమ్మెటలనే మట్టి డోళ్ళు వాయిస్తూ వంత పాడతారు. ఒక పక్క ఆయన కొడుకు, నా భర్త రాములు, రెండో పక్క నేను. కూర్చుని వాయిస్తే అది భజన. భజన దేవుడికి, కథ జనానికి అనేవాడు మామ. "కూసోని సెప్తే కత సాప మీదనే ఉంటది బిడ్డా. నిలబడి సెప్తేనే ఆఖరోని దాంక పోతది" అని ఆయన మాట.

నేను కోదాడ పిల్లను. మా నాన్నా కథకుడే, అయినా నన్ను మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివించాడు. నా పెళ్ళి నాటికే అత్త పోయి రెండేళ్ళు. అత్తలేని కోడలుత్తమురాలని మా అమ్మ నవ్వుతూ సాగనంపింది. అత్త లేదు గాని అత్తగారింటి కట్టుబాట్లు ఎక్కడికి పోతాయి? మామ ముందు కోడలు కూర్చోకూడదు. ఆయన అరుగు మీద ఉంటే నేను గడప లోపల నిలబడాలి. రొట్టెలు చేస్తుండగా ఆయన దగ్గు వినిపిస్తే పీట మీది నుంచి లేచేదాన్ని, పెనం మీద రొట్టె మాడేది. వచ్చిన కొత్తల్లో "మామయ్యా, మీరు అన్నం తింటారా?" అని అడిగితే ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "నేనొక్కన్నే ఉన్న గదనే. ఇంకెవలన్న వచ్చిండ్రా?" అన్నాడు. మా కోదాడలో ఆంధ్ర గాలి తగిలి పెద్దలను మీరు అంటాం. రాములు గోడ చాటున నవ్వాపుకోలేక దగ్గాడు. నేను మాత్రం మీరు అనడం మానలేదు. నాదీ కొంచెం మొండితనమే.

కథ చెప్పేచోట వరస వేరు. అక్కడ ముగ్గురమూ నిలబడే ఉంటాం. ఆయన ముందుకు వస్తే నేనూ ముందుకే రావాలి. ఆయనొక మాట అంటే నేను ఎదురు ప్రశ్న వేయాలి, వెటకారం చేయాలి, జనం పగలబడి నవ్వాలి. ఇంటికి రాగానే మళ్ళీ గడప లోపల నోరు మూసుకుని నిలబడాలి. నిలబడడంలో రెండు రకాలున్నాయని నాకు పద్దెనిమిదేళ్ళకే తెలిసింది.

మా దగ్గర జనం అడిగి మరీ చెప్పించుకునే కథ బాయి బాలమ్మది. మామ తాత కట్టిన కథ. బాలమ్మ కూలి మనిషి. దొర తోటలో బావి తవ్వుతుంది. నీళ్ళు పడ్డాక తన పిల్లల కోసం ఒక్క కడవ ముంచుకోబోతే దొర మనుషులు మెడపట్టి కూలదోస్తారు. అక్కడ మేం ముగ్గురమూ ఒక మోకాలు నేలకానించి వంగుతాం. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. అప్పుడు మామ తీగ మీటి "బాలమ్మ లేసి నిలిసినాది" అంటాడు. ఆ తీగతో పాటే మా ముగ్గురి ఒళ్ళూ లేవాలి, రెండు గుమ్మెటలూ ఒక్కసారే మోగాలి. ఏ ఊళ్ళో చెప్పినా ఆ మాట దగ్గర ఆడవాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు.

నవాబుల రాజ్యం మారడానికి ముందు ఏడాది మా వైపు పల్లెల్లో దొరలకు జనం ఎదురు తిరిగారు. పోలీసులు వచ్చి మకాం పెట్టారు. మా ఊళ్ళ మీదికి వచ్చిన అమీను, అంటే అప్పటి పోలీసు అధికారి, కథలు బంద్ చేశాడు. నలుగురు నిలబడి వినేది ఏదీ వద్దన్నాడు. భజన చేసుకోవచ్చు, కాని వాయించేవాళ్ళూ వినేవాళ్ళూ కూర్చునే ఉండాలన్నాడు. అట్లా నెలలు గడిచాయి. మామ తంబుర గోడకు వేలాడుతుంటే ఆయన దాని ముందు అటూ ఇటూ తిరిగేవాడు.

ఆ ఎండాకాలం పక్క ఊరి జాతరకు వారం ముందు, మా వాడలో ఎల్లమ్మ అనే ఆమెను దొర బావి దగ్గర చెయ్యి విరిగేటట్టు కొట్టారు. నీళ్ళ కోసమే. మామ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, జాతరలో భజన అని చెప్పి బాలమ్మ కథ చెబుదామన్నాడు.

"వద్దు నాయినా. తుపాకులున్నయ్ ఆళ్ళకాడ" అన్నాడు రాములు.

"కూసోనే సెప్తం రా. దొర అనకుంట రాచ్చసుడు అందాం. కూసున్నోన్ని ఎవడు పడ్తడు?" అని, నా వైపు చూడకుండానే నాతో అన్నాడు: "బిడ్డా, ఆ మాటకాడ లెవ్వొద్దు. ఏమన్న గానీ, లెవ్వొద్దు."

"లేవను మామా" అన్నాను. గట్టిగానే అన్నాను.

మిట్టమధ్యాహ్నం, తాటాకు పందిరి. మామ చాప మీద కూర్చుని తంబురను ఒళ్ళో పెట్టుకున్నాడు. చంటిపిల్లను ఎత్తుకోవడం చేతగాని మగవాడిలా ఇబ్బందిగా పట్టుకున్నాడు. గొంతు కూడా సగమే వచ్చింది. అయినా జనానికి రెండు చరణాల్లోనే అర్థమైపోయింది, ఏ కథో. మాట్లాడకుండా ఒకరి పక్కకు ఒకరు జరిగారు. ఎల్లమ్మ ముందు వరసలో కూర్చుంది, మెడలోంచి వేలాడదీసిన గుడ్డలో చెయ్యి. పందిరి బయట నలుగురు జవాన్లు బీడీలు కాలుస్తున్నారు. కథ బావి దగ్గరికి వచ్చింది. దొర మనుషులు మెడపట్టి తోశారు. మామ ఆగాడు. తర్వాత తీగ మోగింది.

నేను నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో ఈ రోజుకీ చెప్పలేను. నా గుమ్మెట మోగింది కూడా. ఆ ఒక్క గుమ్మెటే. రాములు కూర్చునే ఉన్నాడు, మామ కూర్చునే ఉన్నాడు. ఎల్లమ్మ నా మొహంలోకి చూసి లేచింది. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు, పందిరంతా లేచింది. జవాన్లు లోపలికి దూసుకొచ్చారు. "ఎవరు లెమ్మన్నరు?" అని అరిచారు. అప్పుడు మామ లేచాడు. "నేనే. ఆ పిల్లకేం ఎరుక, నేనే లెవ్వుమన్న" అన్నాడు. తంబుర లాగి రాములు మీదికి విసిరేసి, తుపాకీ మడమతో ఆయన కుడి మోకాలు మీద కొట్టారు. మూడు దెబ్బలు. వెనక నుంచి వచ్చిన అమీను, ఇక జీవితమంతా కూర్చునే వాయించుకో అన్నాడు.

దవాఖానకు పోతే మళ్ళీ పోలీసులే. ఎడ్లబండిలో గడ్డి పరిచి మామను పడుకోబెట్టి, కోదాడలో మా పుట్టింటికి తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన మూలగలేదు, దానికే నాకు భయమేసింది. ఎముకలకు కట్టు కట్టే ముసలాయన మూడు నెలలు కట్లు మార్చాడు. కాలు నిలిచింది గాని మోకాలు వంగదు, బరువు మోయదు. ఆ మూడు నెలలూ మామ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను గంజి తెచ్చి పెడితే తాగేవాడు, మొహం పక్కకు తిప్పుకునేవాడు. చేసింది నేను కనుక ఆ శిక్ష నాకు న్యాయంగానే తోచింది. రాములు మిర్యాలగూడలో బియ్యం మిల్లుకు పనికి పోయాడు. గుమ్మెట మీద అతని చెయ్యి మంచిది గాని, వరసగా పది చరణాలు నోటికి రావు. మామ తర్వాత ఆ ఇంటి కథలు చెప్పేవాళ్ళు లేరు. తాత నాటి నుంచి వచ్చిన పద్నాలుగు కథలు ఆయనతోనే ఆగిపోతాయని అందరం లోలోపల అనుకున్నాం. బయటికి ఎవరూ అనలేదు.

నాలుగో నెలలో ఒక పొద్దున మామ పిలిచాడు. "తంబుర తియ్యి బిడ్డా."

ఆయన చేతికివ్వబోయాను. తీసుకోలేదు. "నువ్వు పట్టుకో" అన్నాడు. మా వాళ్ళలో ఆడవాళ్ళు గుమ్మెట పట్టేవాళ్ళే గాని తీగ ముట్టేవాళ్ళు కారు. నేను అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

"కూసో."

కూర్చోలేదు. కాళ్ళు వంగలేదు. మూడు రోజులు ఇదే తంతు. ఆయన కూసో అనడం, నేను తంబుర పట్టుకుని రాయిలా నిలబడడం. చివరికి ఆయనకు విసుగొచ్చింది.

"నిలబడి వాయించేటోళ్ళంత కూసోనే నేర్సిండ్రు. ముందుగాల చెవికి రావాలె, అటెన్క చేతికి, అటెన్క కాళ్ళకు."

"మీ ముందు ఎట్లా కూర్చోను మామా?"

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "గోడ దిక్కు తిరుగు. నువ్వు నా ముందల లేవు, నేను నీ ముందల లేను. గోడ ముందల కూసుంటున్నవ్. గోడకు ఏం వావి ఉన్నది?" అన్నాడు.

అట్లా మొదలైంది నా చదువు. మట్టిగోడకు జానెడు దూరంలో, మామకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఆయన మంచం మీద కాలు చాపుకుని, కట్టెతో నేల మీద దరువు వేసేవాడు. ఒక దెబ్బ అంటే మళ్ళీ మొదటి నుంచి, రెండు దెబ్బలంటే సాగిపో. ఆ గోడలో ఏ పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇప్పటికీ గీసి చూపించగలను. నా మొహం చూడకుండానే ఆయనకు నా తప్పులన్నీ తెలిసిపోయేవి. "ఎడమ బుజం మీదికి లేస్తున్నది. భయపడ్తున్నవ్" అనేవాడు. "మెడ బిగవట్టినవ్, మాట మర్సిపోయినవ్" అనేవాడు. తీగ వదులైంది మామా అని నేనంటే, "ఆడలేక మద్దెల ఓడన్నదట" అని నవ్వేవాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో. గోడకేసి నేనూ నవ్వుకునేదాన్ని. పక్కింటామె మాత్రం ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మకు వినపడేలా అంటూ పోయేది.

కథలన్నీ వచ్చాయి. బాలమ్మ కథ చివరికి మిగిలింది. ఆ రోజు బావి దాకా చెప్పి ఆగాను. తీగ మీటాలి. వేలు ఆడలేదు. కట్టె ఒకసారి నేల మీద పడింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, మళ్ళీ అక్కడే ఆగాను. మూడోసారి ఏడుపు ముంచుకొచ్చింది.

"నేను లేవకుండా ఉంటే మీ కాలు మీకుండేది మామా" అన్నాను, గోడతో.

వెనక కట్టె పక్కన పెట్టిన చప్పుడైంది. "దానికా ఏడుస్తున్నవ్?" అన్నాడు. తర్వాత ఆయన గొంతు మారింది. "నేను నీతోని మాట్లాడంది కోపానికి కాదు బిడ్డా, సిగ్గుకు. ముప్పై ఏండ్లు ఆ మాటకాడ లేసినోన్ని. ఆ దినం నువ్వు లేసినవ్, చెయ్యి ఇరిగిన ఎల్లమ్మ లేసింది. నేను సాప మీద కూసోని తుపాకులు ఎన్నున్నయో సూస్తున్న. అందరు లేసినంక లేసిన. కాలు ఇరిగినందుకు నాకు దుక్కం లేదు. జర ముందుగాల లేసి ఉంటే ఈ ఇరిగిన కాలుకు మర్యాదుండేది."

నేను వెనక్కి తిరిగాను. తిరిగానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. పెళ్ళైన నాటి నుంచి మొదటిసారి ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన మొహంలోకి చూశాను. కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది, కన్నతండ్రి మీద కూడా అంత కలగలేదు. ఆయన నా కూర్చోవడం గురించి ఏమీ అనలేదు. "మీటు" అన్నాడు. మీటాను. ఆ రోజు తర్వాత గోడ అవసరం పడలేదు.

రాజ్యం మారింది. బంద్ ఎత్తేశారు. కోతలు అయినాక, రాములు పనిచేసే మిల్లు సేటు మిర్యాలగూడలో వడ్లు ఆరబోసే కళ్ళంలో కథ పెట్టించాడు. వేములపల్లి నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. వీరయ్య మళ్ళీ కథ చెబుతున్నాడన్న కబురు అంతదూరం పోయింది. సేటు మంచి మనిషి, మామ కోసం కుర్చీ వేయించాడు.

"పెద్దాయనా, మీరు కుర్చీలో కూర్చుని వాయించండి. అమ్మాయి ఎప్పట్లా పక్కన గుమ్మెట పట్టుకుంటుంది. జనం మీ కోసమే వచ్చారు" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. మామ ఆ కుర్చీ వైపు చాలాసేపు చూశాడు. అందులో కూర్చుంటే ఆయన తంబుర ఆయనకే ఉంటుంది, పేరు ఆయనకే ఉంటుంది. నిజం చెప్పాలంటే, ఆయన ఒప్పుకోవాలని నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అంతమంది ముందు తంబురెత్తిన ఆడదాన్ని ఏమంటారోనని నా భయం.

"కుర్సీల కూసోని కత సెప్పేటోన్ని కాదు సేటూ" అన్నాడు మామ. "గుమ్మెటైతే కింద కూసోని కొడ్త. కత మా కోడలిది." తన చేత్తోనే తంబుర నా భుజానికి ఆనించాడు, అందెలు నా వేళ్ళకు తొడిగాడు. చెవి దగ్గరికి వంగి, "ఆ మాటకాడ నా దిక్కు సూడకు" అన్నాడు.

మొదట కొంతమంది ఈల వేశారు. ఎవరో "అత్తగారింట్ల మొగోళ్ళు లేరా?" అని అరిచారు. కింద చాప మీద నుంచి మామ గుమ్మెట ఒక్కటి కొట్టి, "ఉన్నరు, వంత పాడుతున్నరు" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వుతో నా కాళ్ళకు నేల దొరికింది. చెప్పాను. బావి తవ్వాను, కడవ ముంచాను, కింద పడ్డాను. మోకాలు నేలకానించి ఆగాను. తీగ మీటి లేచాను. జనమంతా నాతో లేచారు. నేను వెనక్కి చూడలేదు. కాని వెనక మోగింది రాములు గుమ్మెట ఒక్కటే.

మర్నాడు, గర్వం తలకెక్కి ఉన్నానేమో, "ఆ మాట దగ్గర మీ దెబ్బ పడలేదు మామా" అన్నాను. "ముసలోన్నైతి బిడ్డా, తప్పింది" అన్నాడు, తల వంచుకుని.

నాలుగేళ్ళు తిరిగాం ముగ్గురమూ, సూర్యాపేట నుంచి కోదాడ దాకా. ప్రతి ఊళ్ళోనూ ఆ మాట దగ్గర ఆయన దెబ్బ తప్పేది. మిగతా కథంతా ఒక్క దరువు తప్పని మనిషి, అక్కడే తప్పేవాడు. వయసైపోయిందని సరిపెట్టుకున్నాను. ఒకటి రెండు సార్లు విసుక్కున్నాను కూడా.

ఆయన పోయిన పదో రోజున, చుట్టాలందరూ వెళ్ళాక, రాములు నోరు విప్పాడు. "తప్పలేదే అది. నువ్వు తీగ మీటంగనె నాయిన గుమ్మెట కింద పెట్టి, నా బుజాలు పట్టుకోని లేసేటోడు. ఒంటి కాలు మీద. నువ్వు తిరిగి సూసేటాల్లకు కూసునేటోడు. నీకు సెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్నడు."

ఆ తర్వాత నేను చాలా ఏళ్ళు కథ చెప్పాను, పదిమందికి నేర్పాను. ఆడపిల్లలే ఎక్కువ. అందరినీ ముందు నా ఎదురుగా కూర్చోబెట్టే నేర్పాను. ఒక్క పట్టు మాత్రం మామ తాత కట్టినట్టు నేర్పలేదు. బాలమ్మ లేచినప్పుడు రెండో గుమ్మెట కొట్టనివ్వను. అక్కడ వెలితిగా ఉంటుంది అమ్మా, ఎందుకు వద్దంటావు అని పిల్లలు అడుగుతారు. అక్కడ ఒకాయన లేస్తుంటాడు, ఆయన చేతులు ఖాళీగా ఉండవు అని చెబుతాను.